పద్నాలుగు ఓట్ల తూర్పు పడమరలు

గీతల మీద లోకం: 6వ భాగం

గత భాగంలో హారిసన్ గడియారం ఓడెక్కింది. నడిసముద్రంలో ఉన్న నావికుడికి రేఖాంశం లెక్కకట్టడం చేతికొచ్చింది. అయితే ఆ గడియారం చెప్పేది తేడా ఒక్కటే. అది చూపే రేవు సమయానికీ, నెత్తి మీద సూర్యుడు చూపే సమయానికీ గంట తేడా ఉంటే 15 డిగ్రీలు, నాలుగు నిమిషాల తేడా ఉంటే ఒక డిగ్రీ. ఎక్కణ్ణుంచి 15 డిగ్రీలు? ఏ రేవు నుంచి? గ్రీనిచ్ పటం దగ్గరుంచుకున్న ఆంగ్లేయుడు ఒక జవాబు చెప్పేవాడు. పారిస్ పటం ఉన్నవాడు మరొకటి, కాడిజ్ పటంతో బయల్దేరిన స్పెయిన్ నావికుడు ఇంకొకటి. సముద్రంలోని ఒకే రాతిదిబ్బకు మూడు పటాల్లో మూడు అంకెలుండేవి. ఎదురుపడిన రెండు ఓడలు తామెక్కడున్నామో ఒకరికొకరు చెప్పుకోవాలంటే ముందు ఎవరి సున్నా ఏదో తేల్చుకోవాల్సి వచ్చేది.

అక్షాంశానికి ఈ తగాదా ఎన్నడూ రాలేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి దానికి ఇరుసుంది, ఇరుసుకు రెండు కొసలున్నాయి. ఆ కొసలే ధ్రువాలు. రెండింటికీ సమాన దూరంలో భూమి నడుము చుట్టూ పోయే వృత్తం ఒక్కటే ఉంటుంది. 40,075 కిలోమీటర్ల ఆ భూమధ్యరేఖను ఏ చక్రవర్తీ గీయలేదు, ఏ సభా ఆమోదించలేదు. ఉత్తరార్ధగోళం, దక్షిణార్ధగోళం అనే విభజన మనిషి పుట్టక ముందూ ఉంది. రుతువులకు అది తెలుసు. మనం సంక్రాంతి చలిలో భోగిమంటలు వేసుకుంటున్నప్పుడు ఆస్ట్రేలియాలో నడివేసవి. తుపాన్లకూ తెలుసు. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరిగితే, భూమధ్యరేఖకు దిగువన మడగాస్కర్ వైపు పుట్టినది ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. ఆకాశానికీ తెలుసు. విశాఖ తీరాన నిలబడితే దిగంతం నుంచి 17 డిగ్రీలకు పైగా ఎత్తున కనిపించే ధ్రువ నక్షత్రం, ఓడ దక్షిణానికి పోయేకొద్దీ కిందికి దిగుతూ దిగుతూ భూమధ్యరేఖ దగ్గర నీటి అంచును తాకుతుంది. దాటాక ఇక కనిపించదు.

తూర్పు, పడమర అర్ధగోళాలకు ఇలాంటి సాక్ష్యం చెప్పేవారు ప్రకృతిలో ఎవరూ లేరు. ధ్రువం నుంచి ధ్రువానికి పోయే రేఖాంశాలన్నీ ఒకే పొడవు, ఒకే ఆకారం. ఏ ఒక్కదానికీ మిగతావాటి మీద పెద్దరికం లేదు. గీత దాటితే గాలి మారదు, కాలం మారదు, చుక్కలు మారవు. భూగోళాన్ని నిలువునా రెండు చెక్కలు చేయాలంటే కత్తి ఎక్కడ పెట్టాలో మనుషులే చెప్పాలి. అలా చెప్పిన రోజుకు తేదీ ఉంది, గది ఉంది, ఓట్ల లెక్క కూడా ఉంది. ఈ భాగం ఆ గది గురించే.

అంతకుముందు కత్తి పెట్టినవాళ్లు లేకపోలేదు. 1494లో స్పెయిన్, పోర్చుగల్ రాజులు తోర్దెసిల్లాస్ అనే ఊళ్లో ఒప్పందం రాసుకుని, కేప్ వెర్డె దీవులకు పడమరగా 370 లీగుల దూరంలో ధ్రువం నుంచి ధ్రువానికి ఒక గీత అనుకున్నారు. గీతకు పడమర దొరికేదంతా స్పెయిన్‌ది, తూర్పున దొరికేదంతా పోర్చుగల్‌ది. అక్కడ అప్పటికే కాపురాలు చేసుకుంటున్న జనాన్ని అడిగిన పాపాన పోలేదు. ఆ గీత సరిగ్గా ఎక్కడ పడుతుందో కొలిచి చెప్పగలిగినవాడు ఆ కాలంలో ఎవడూ లేడు. అయినా దాని ఫలితం ఇప్పటికీ చెరగలేదు. దక్షిణ అమెరికాలో చుట్టుపక్కల దేశాలు స్పానిష్ మాట్లాడుతుంటే బ్రెజిల్ పోర్చుగీసు మాట్లాడడానికి మూలం ఆ గీత దగ్గరే ఉంది.

పండితుల సున్నా వేరు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ తనకు తెలిసిన లోకానికి పడమటి కొస అయిన దీవుల నుంచి లెక్క మొదలుపెట్టాడు. అవి నేటి కానరీ దీవులని చెబుతారు. దానికి ఒక సౌకర్యం ఉంది. కొస నుంచి మొదలుపెడితే తెలిసిన ఊళ్లన్నీ ఒకే పక్కన పడతాయి, అంకెలన్నీ ఒకే వరుసలో పెరుగుతాయి. 1634లో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ ఆ దీవుల్లోనే పడమటి చివరిదైన ఫెర్రోను సున్నాగా ఖాయం చేశాడు.

మన జ్యోతిష గణితకారులు మాత్రం కొసకు పోలేదు, నడుమ నిలబడ్డారు. సూర్యసిద్ధాంతం చెప్పే మధ్యరేఖ లంక నుంచి ఉజ్జయిని మీదుగా కురుక్షేత్రం వైపు సాగి మేరువు చేరుతుంది. ఇక్కడి లంక నేటి శ్రీలంక కాదు, ఉజ్జయిని రేఖ భూమధ్యరేఖను కోసే బిందువుకు గణితకారులు పెట్టుకున్న పేరు. గ్రహాల లెక్కలన్నీ ముందు ఆ రేఖకు కట్టి, ఆ తర్వాత తమ ఊరు దానికి ఎంత తూర్పునో ఎంత పడమరనో చూసుకుని దేశాంతర సంస్కారం చేసుకునేవారు. అంటే రేఖాంశమంటే కాలమేనన్న సంగతి పంచాంగం కట్టేవాడికి కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. ఉజ్జయిని పేరు అరబ్బు గ్రంథాల్లోకి వెళ్లి 'అరిన్'గా మారి, అక్కడి నుంచి యూరప్ లాటిన్ గ్రంథాల్లో లోకానికి నడిబిందువుగా కొన్ని వందల ఏళ్లు నిలిచింది.

ఈ చరిత్ర తెలిసినవారు చెన్నై నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణలోని గ్రానైటు స్తంభాన్ని ఒకసారి చూడాలి. 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు అబ్జర్వేటరీ కట్టినప్పుడు ఖగోళ పరికరం కదలకుండా కూర్చోవడానికి నిలబెట్టిన ఒంటిరాతి స్తంభమది, సుమారు 10 టన్నుల బరువు. కట్టడానికి రూపమిచ్చిన మైకేల్ టాపింగ్ పేరు దాని మీద ఉంది. లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. ఆసియాలో గణితశాస్త్రాలు బ్రిటిష్ వారి ఔదార్యంతో ఏ కాలంలో నాటుకున్నాయో వెయ్యేళ్ల తర్వాతివారికీ తెలియాలని వారి ఉద్దేశం. ఆ స్తంభం మీద జరిగిన పనిని నేను గౌరవిస్తాను. మన దేశపు సర్వే పటాల్లో రేఖాంశాలన్నీ చాలాకాలం మద్రాసు రేఖాంశాన్ని పట్టుకునే నడిచాయి, రైళ్లు మద్రాసు సమయానికి తిరిగాయి. కానీ గణితం ఇక్కడ అప్పుడే నాటుకుందన్న మాట నిజం కాదు. ఆ రాయి నిలిపేనాటికే ఉజ్జయిని రేఖ వెయ్యేళ్లకు పైగా లెక్కల్లో ఉంది.

ఇక ఈ కథలో ముఖ్యుడి దగ్గరికి వద్దాం. అతను మన గడ్డ మీద కాలుపెట్టినవాడే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన కోస్తా మీదుగా సాగింది. బ్రిటన్ తరఫున మేజర్ టెన్నంట్ బృందం గుంటూరులో దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఫ్రాన్స్ పంపిన పియేర్ జూల్ జాన్సెన్ కూడా గుంటూరునే ఎంచుకున్నాడు. చిన్నతనంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితమంతా కుంటుతూనే నడిచిన మనిషి, అప్పటికి వయసు 44. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కాసిన్ని నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే మంటల నాలుకలను వర్ణపటదర్శినితో చూశాడు. అందులోని వెలుగు గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, వీటిని చూడడానికి గ్రహణమే అక్కర్లేదని అప్పటికప్పుడే తోచింది. మర్నాడు పొద్దున అదే గుంటూరులో నిండు సూర్యుడి మీద పరికరం పెట్టి చూశాడు, కనిపించాయి. అంతవరకు గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకు కూర్చున్న సూర్యశాస్త్రం ఆ పొద్దుటితో రోజువారీ పనిగా మారింది. ఆ గ్రహణంలో పరిశీలకుల కంటబడిన ఒక పసుపు గీత అప్పటికి భూమి మీద ఎవరూ ఎరగని మూలకానిదని తర్వాత తేలింది. అదే హీలియం.

జాన్సెన్ పట్టుదలకు ఇంకో ఉదాహరణ చాలు. 1870లో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉన్నాయి. అల్జీరియాలో గ్రహణం రాబోతోంది. ఊరు దాటే దారి లేదు. డిసెంబరు 2 తెల్లవారకముందే పరికరాలతో సహా బెలూన్ ఎక్కి శత్రుసేనల మీదుగా బయటపడ్డాడు. అల్జీరియా చేరాడు కూడా. గ్రహణం రోజున మబ్బు పట్టింది.

ఈ జాన్సెనే 1884 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రతినిధిగా వాషింగ్టన్‌లో కూర్చున్నాడు. అప్పటికి లోకం హడావుడిలో పడిపోయింది. టెలిగ్రాఫ్ తీగ మీద కబురు క్షణంలో సముద్రం దాటుతోంది, రైళ్లు ఒక్క రోజులో పది ఊళ్ల పది సమయాలను దాటుకుపోతున్నాయి. 1883 నవంబరు 18న అమెరికా రైల్వేలు ఊరూరి గడియారాలను పక్కనబెట్టి, గ్రీనిచ్ నుంచి 75, 90, 105, 120 డిగ్రీల పడమటి రేఖాంశాల మీద సమయాలు స్థిరపరచుకున్నాయి. ఇక సున్నా ఎక్కడో అందరూ కలిసి తేల్చుకోక తప్పదని అమెరికా అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ దేశాలన్నిటికీ కబురు పెట్టాడు. 25 దేశాలు వచ్చాయి. విదేశాంగ శాఖ భవనంలో సభ. అధ్యక్షుడు అమెరికా రియర్ అడ్మిరల్ రాడ్జర్స్. నెప్ట్యూన్ గ్రహం ఉనికిని కాగితం మీదే లెక్కగట్టిన జాన్ కౌచ్ ఆడమ్స్ బ్రిటన్ పక్షాన వచ్చాడు. జపాన్ ఉంది, తుర్కీ ఉంది, అప్పటికి స్వతంత్ర రాజ్యమైన హవాయి ఉంది. ఆఫ్రికా ఖండమంతటికీ లైబీరియా ఒక్కటే. చైనా లేదు. భారతదేశానికి విడిగా ఓటు లేదు. బ్రిటన్ బృందంలోని లెఫ్టినెంట్ జనరల్ స్ట్రాచీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సభ్యుడు, మన పేరు తగిలిన కుర్చీ ఆ ఒక్కటే.

మొదటి తీర్మానం తేలిగ్గా గడిచింది. అందరికీ ఒకే ప్రధాన రేఖాంశం ఉండాలన్నదాన్ని కాదన్నవారు లేరు. రెండోది వచ్చేసరికి జాన్సెన్ లేచాడు. అతను పారిస్‌ను సున్నా చేయమని అడగలేదు. ఈ సంగతి చాలాచోట్ల తప్పుగా చెబుతుంటారు, అందుకే నొక్కి చెబుతున్నాను. లోకమంతటికీ చెందాల్సిన గీత ఏ ఒక్క దేశం వాకిట్లోనూ ఉండకూడదన్నది అతని వాదన. బేరింగ్ జలసంధి మీదుగానో, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల మీదుగానో, ఏ పెద్ద ఖండాన్నీ కోయకుండా పోయే తటస్థ రేఖాంశం పెట్టుకుందామన్నాడు. మీటరు కొలతను తయారుచేసినప్పుడు ఫ్రాన్స్ తన రాజు మూరను లోకం మీద రుద్దలేదు, భూమి చుట్టుకొలతనే ఆధారం చేసుకుంది. సున్నాకూ అదే నీతి వర్తించాలి కదా అన్నది అతని తర్కం.

ఎదుటివారి దగ్గర ఓడల లెక్క ఉంది. బ్రిటన్ బృందంలో ఉన్న కెనడా రైల్వే ఇంజినీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ఒక పట్టిక బల్ల మీద పెట్టాడు. లోకంలోని సరకు ఓడల మొత్తం టన్నుల్లో 72 శాతం అప్పటికే గ్రీనిచ్ నుంచి లెక్కబెట్టే పటాలతో తిరుగుతోంది. పారిస్ పటాలతో తిరిగేది 8 శాతం. ఇందుకు కారణం గ్రీనిచ్ కొండ గొప్పతనం కాదు. 1767 మొదలు ఏటేటా వచ్చిన నాటికల్ ఆల్మనాక్ గొప్పతనం. చంద్రుడు ఏ చుక్కకు ఎంత దూరంలో ఉంటాడో మూడేసి గంటలకు ఒకసారి చొప్పున ఏడాది పొడవునా ముందే లెక్కగట్టి అచ్చేసిన పుస్తకమది. గడియారం కొనలేని నావికుడు కూడా ఆ పుస్తకం, ఒక సెక్స్టాంట్ ఉంటే రేఖాంశం రాబట్టుకోగలిగేవాడు. అందులోని లెక్కలన్నీ గ్రీనిచ్ సమయానివి. లెక్క గ్రీనిచ్‌ది కాబట్టి పటమూ గ్రీనిచ్‌ది కావడం సుఖం. అలా వందేళ్లకు పైగా అలవాటైన గీత అది. మారిస్తే వేలాది పటాల రాగి పలకలను మళ్లీ చెక్కాలి.

విచిత్రమేమంటే ఆ పట్టిక పెట్టిన ఫ్లెమింగ్ కూడా గ్రీనిచ్‌ను సున్నాగా కోరలేదు. గ్రీనిచ్‌కు సరిగ్గా అవతలి వైపున, 180 డిగ్రీల దూరంలో పసిఫిక్ మీదుగా పోయే గీతను సున్నా చేద్దామన్నాడు. దాదాపు అంతా నీళ్లే కాబట్టి ఎవరి వాకిలీ కాదు, ఉన్న పటాలను పారేయనూ అక్కర్లేదు. నా మట్టుకు నాకు ఆ సభలో వినిపించిన ఆలోచనల్లో ఇదే అన్నిటికంటే తెలివైనదనిపిస్తుంది. కానీ బ్రిటన్ బృందంలోని మిగతావారే దాన్ని సమర్థించలేదు.

తటస్థ గీతకు ఓటు అడిగినప్పుడు చేతులెత్తినవి మూడే: ఫ్రాన్స్, బ్రెజిల్, శాన్ డొమింగో. అక్టోబరు 13, సోమవారం నాడు గ్రీనిచ్ మీద ఓటు జరిగింది. అనుకూలం 22. వ్యతిరేకం ఒకటి, శాన్ డొమింగో. దాని ప్రతినిధి గాల్వాన్ స్వయంగా నవలాకారుడు, స్పెయిన్ ఆక్రమణను ఎదిరించిన ఆదివాసి నాయకుడి మీద 'ఎన్రికియో' అనే నవల రాసినవాడు. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు.

మామూలుగా చరిత్ర పుస్తకాలు కథను ఇక్కడ ఆపేస్తాయి. అసలు అర్ధగోళాలు పుట్టింది దీని తర్వాతి తీర్మానంలో.

సున్నా గ్రీనిచ్‌లో ఉందన్నంత మాత్రాన తూర్పు, పడమర అర్ధగోళాలు వాటంతటవే రావు. సున్నా నుంచి ఒకే వైపుకు, తూర్పుకు, 360 దాకా లెక్కబెట్టుకుంటూ పోవచ్చు. ఏడాది ముందు, 1883లో, రోమ్ నగరంలో చేరిన భూమాపన శాస్త్రజ్ఞులు అలాగే చేయమని సిఫార్సు చేశారు. అదే జరిగి ఉంటే గుంటూరు సుమారు 80 డిగ్రీల దగ్గర ఇప్పటిలాగే ఉండేది. న్యూయార్క్ మాత్రం 74 డిగ్రీలు పడమర కాకుండా 286 డిగ్రీలయ్యేది. పక్కన తూర్పు, పడమర అని రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. బడిపిల్లల అట్లాసులో రెండు అర్ధగోళాలకు బదులు ఒకే వరుస అంకెలుండేవి.

వాషింగ్టన్ సభ రోమ్ మాట వినలేదు. సున్నా నుంచి తూర్పుకు 180 దాకా కూడిక, పడమరకు 180 దాకా తీసివేత అని అమెరికా వారు ప్రతిపాదించారు. నావికులకు అలవాటైన పద్ధతి ఇదే. ఒకే వైపు లెక్కబెడితే 359 నుంచి సున్నాకు దూకే చోటు ఇంగ్లండ్, ఫ్రాన్సుల నడుమ జనసమ్మర్దంలో పడుతుంది, రెండు వైపులా లెక్కబెడితే ఆ అతుకు పసిఫిక్ నీళ్లలోకి పోతుంది. దీని మీద ఓటు మునుపటిలా ఏకపక్షంగా సాగలేదు. అనుకూలం 14, వ్యతిరేకం 5. ఇటలీ, నెదర్లాండ్స్, స్పెయిన్, స్వీడన్, స్విట్జర్లాండ్ కాదన్నాయి. ఫ్రాన్స్, జర్మనీ సహా ఆరు దేశాలు పాల్గొనలేదు. అంటే 25 దేశాల్లో 11 దేశాలు భూమిని తూర్పు, పడమరలుగా విడగొట్టే ఈ లెక్కకు ఒప్పుకోలేదు. మనం పుట్టినప్పటి నుంచీ కొండలంత సహజమనుకున్న తూర్పు అర్ధగోళానికి పునాది ఆ 14 ఓట్లు.

సభ ముగింపు పత్రం కింద అధ్యక్షుడితో పాటు కార్యదర్శుల హోదాలో ముగ్గురు సంతకం చేశారు. స్ట్రాచీ ఒకడు, బ్రెజిల్ ఖగోళశాస్త్రవేత్త క్రూల్స్ ఒకడు. మూడో సంతకం జాన్సెన్‌ది. తాను ఓడిపోయిన తీర్మానాల కింద నిండు బాధ్యతతో పేరు రాసి వెళ్లాడు. అతని వాదనలో న్యాయం ఉందని 140 ఏళ్ల తర్వాత చదివినా నాకు స్పష్టంగా అనిపిస్తుంది. అదే సమయంలో ఓడ నడిపేవాడి చేతిలో ఉన్న పటాన్ని లాక్కుని న్యాయమైన పటం ఇస్తాం, అందాకా ఆగమంటే అతనేం చేస్తాడన్న ప్రశ్నకు జాన్సెన్ దగ్గర జవాబు లేదన్నదీ నిజమే.

ఫ్రాన్స్ తీర్మానాన్ని వెంటనే అమలు చేయలేదు. సభ తీర్మానం ఎవరినీ కట్టిపడేసే చట్టం కాదు. చివరికి 1911 మార్చిలో ఫ్రాన్స్ సమయ చట్టం మార్చుకుంది. అందులో గ్రీనిచ్ అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. దేశపు అధికారిక సమయం 'పారిస్ సగటు సమయం కంటే 9 నిమిషాల 21 సెకన్లు వెనక' అని రాసుకున్నారు. లెక్క వేస్తే అది గ్రీనిచ్ సమయమే. ఇంకా చెప్పాలంటే సున్నా రేఖాంశం స్వయంగా ఫ్రాన్స్ భూభాగం మీదుగా దక్షిణానికి పోతుంది, స్పెయిన్, అల్జీరియా, మాలి, బుర్కినా ఫాసో, ఘనా మీదుగా సముద్రంలో దిగి, గినీ సింధుశాఖలో భూమధ్యరేఖను కలుస్తుంది. మన దేశం 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందుండే సమయాన్ని తీసుకుంది. దానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడకు తూర్పుగా, తుని దాపుల నుంచి పోతుంది.

ఇంతకీ గ్రీనిచ్‌లో ఆ గీత దేని మీదుగా పోతుంది? ఒక దూరదర్శిని నడుమ మీదుగా. రాజఖగోళకారుడు జార్జి ఏరీ 1850లో పెట్టించిన ట్రాన్సిట్ సర్కిల్ అది. రెండు రాతి స్తంభాల నడుమ ఇరుసు మీద వేలాడే ఆ గొట్టం ఉత్తర దక్షిణాలకు పైకీ కిందికీ తిరుగుతుంది తప్ప పక్కకు తిరగదు. చుక్క దాని చూపులో ఉన్న సన్నని తీగను దాటే క్షణాన్ని గడియారంతో రాసుకోవడమే పని. అలా రాసిన క్షణాల నుంచే గ్రీనిచ్ సమయం పుట్టేది. మరి గొట్టం నిటారుగా ఉందని ఎలా తెలిసేది? కింద తొట్టిలో పాదరసం పోసి, గొట్టాన్ని సరిగ్గా కిందికి తిప్పి, పాదరసపు అద్దంలో తీగల నీడ తీగల మీదే పడేలా సరిచూసేవారు. పాదరసం భూమ్యాకర్షణకు లోబడి సమంగా నిలుస్తుంది కాబట్టి దానికి లంబంగా ఉన్నదే నిటారు.

ఇక్కడే చిక్కుంది. భూమి లోపలి రాతి బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గ్రీనిచ్‌లో తూకపు గుండు వేలాడదీస్తే అది చూపే దిశకూ, ఉపగ్రహాల లెక్కకు ఆధారమైన భూకేంద్రపు కొలతకూ కొద్దిపాటి తేడా ఉంది. డిగ్రీలో ఆరు వందలో ఒక వంతు కూడా ఉండదది. అయినా నేల మీదికి వచ్చేసరికి 102 మీటర్లయింది. ఉపగ్రహాలు భూకేంద్రాన్ని పట్టుకుని తిరుగుతాయి, పాదరసంతో వాటికి పనిలేదు. అందుకే ఇప్పుడు గ్రీనిచ్ వెళ్లినవారు ఆ గీత గుర్తుగా పరచిన స్టీలు పట్టీకి అటొక కాలు ఇటొక కాలు వేసి ఫోన్ తీసి చూస్తే సున్నా కనిపించదు. తూర్పుగా పార్కులోకి నడిచిపోతే, ఏ గుర్తూ లేని పచ్చిక మీద ఎక్కడో సున్నా అవుతుంది. 1884లో 22 దేశాలు ఓటు వేసిన గీత, నేటి మన ఫోన్లు ఎరిగిన గీత రెండూ ఒకటి కావు.

ఈక్వడార్‌లో కీటో దగ్గర భూమధ్యరేఖ స్మారకం కూడా ఇలాగే అసలు రేఖకు సుమారు 240 మీటర్లు దక్షిణంగా ఉంది. పైకి రెండూ ఒకే కథలా కనిపిస్తాయి, కానీ తేడా చాలా ఉంది. కీటోలో రేఖ తన చోటనే ఉంది, దూరంగా పడింది కట్టడం. దాన్ని ఎన్నిసార్లు కొలిచినా భూమి తన నడుమును జరపదు. గ్రీనిచ్‌లో జరిగింది రేఖే. మనుషుల ఒప్పందం కాబట్టి మనుషులే దాన్ని 102 మీటర్లు జరుపుకోగలిగారు, ఆకాశంలో గానీ నేల మీద గానీ ఏదీ అడ్డు చెప్పలేదు.

పటాలు గీసేవారు అంతకంటే ఎక్కువే జరుపుకున్నారు. పాత అట్లాసుల మొదటి పేజీల్లో పక్కపక్కనే రెండు గుండ్రాలుగా గీసే తూర్పు, పడమర అర్ధగోళాల పటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాన్ని సున్నా రేఖాంశం దగ్గర కోస్తే ఇంగ్లండ్, స్పెయిన్, పశ్చిమాఫ్రికా రెండు ముక్కలై చెరో గుండ్రంలో పడతాయి. అది చూడబుద్ధి కాక, 20 డిగ్రీల పడమర, 160 డిగ్రీల తూర్పు రేఖాంశాల దగ్గర కోసి, యూరప్ ఆఫ్రికాలను పూర్తిగా తూర్పు గుండ్రంలో, అమెరికాలను పడమటి గుండ్రంలో చూపడం ఆనవాయితీ అయింది. కాబట్టి ఘనాలో రాజధాని ఆక్రాకు పక్కనే ఉన్న తెమా రేవు సున్నా గీత మీదే ఉన్నా, ఆ అట్లాసులు చూసి పెరిగినవారికి ఆ ఊరు పూర్తిగా తూర్పు అర్ధగోళంలో ఉన్నట్టే లెక్క.

అవతలి అంచున, పసిఫిక్‌లో, కథ మరీ చిక్కుపడింది. కిరిబాటి అనే దేశం చిన్నచిన్న పగడపు దీవులుగా భూమధ్యరేఖకు అటూ ఇటూ, 180 డిగ్రీల గీతకు అటూ ఇటూ పరుచుకుని ఉంది. నాలుగు అర్ధగోళాల్లోనూ కాలుమోపిన దేశం అదొక్కటే. స్వాతంత్ర్యం వచ్చిన 1979 నుంచి పదిహేనేళ్లకు పైగా ఆ దేశంలో పడమటి దీవుల్లో సోమవారం తెల్లవారితే తూర్పు దీవుల్లో ఇంకా ఆదివారమే. రెండు వైపులా కార్యాలయాలు తెరిచి ఉండే రోజులు వారానికి నాలుగే. 1995 ఆరంభంలో ఆ ప్రభుత్వం తేదీ మారే గీతను తన దేశం తూర్పు పొలిమేర దాకా వంచేసుకుంది. 1884 సభ తేదీ రేఖ ఎక్కడుండాలో తేల్చలేదు, దాని మీద ఏ ఒప్పందమూ రాయలేదు కాబట్టి కిరిబాటిని ఆపే అధికారం ఎవరికీ లేకపోయింది. తేదీ రేఖ ఎన్నిసార్లు వంకర తిరిగిందో, 2011 చివర సమోవా దీవులు క్యాలెండర్‌లో ఒక శుక్రవారాన్ని పూర్తిగా ఎందుకు వదిలేశాయో వచ్చే భాగంలో.